కరెంటు పోయినప్పుడు ఏ హీటర్? ముందు దాని పొగ ఎటు పోతుందో చూడండి

ప్రశ్న: చలికాలంలో గాలివాన వచ్చినా మంచు పడినా మాకు కరెంటు పోతుంది. పోతే ఆరు గంటలకు తక్కువ కాదు, ఒక్కోసారి పన్నెండు గంటలు. బయట 5 డిగ్రీలు ఉంటుంది. అప్పుడు అందరం హాల్లోనే సర్దుకుంటాం. హాలు 4 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2.7 మీటర్ల ఎత్తు. రెండు గోడలు బయటివైపు, పైన ఇంకో అంతస్తు ఉంది. సొంత ఇల్లే. ఇంట్లో ఆస్తమా ఉన్న అత్తగారు, నాలుగేళ్ల పాప ఉన్నారు. షాపులో రెండు చూపించారు. ఒకటి 4.2 కిలోవాట్ల గ్యాస్ హీటర్, బండ దాని వెనకే కూర్చుంటుంది. రెండోది 2.3 కిలోవాట్ల కిరసనాయిలు వత్తి హీటర్. పెద్దదైతే గది త్వరగా వేడెక్కుతుందని షాపతను అంటున్నాడు. ఏది కొనమంటారు? రాత్రంతా వేసుకుని పడుకోవచ్చా? మావాళ్లేమో హీటరెందుకు, బొగ్గుల కుంపటి చాలంటున్నారు. ఇంట్లో 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీతో ఇన్వర్టర్ ఉంది.

సమాధానం: కుంపటి సంగతి ముందు తేల్చేద్దాం. ఇంట్లోకి వద్దు. తలుపు తీసి పెట్టుకున్నా, కిటికీ పక్కన పెట్టుకున్నా వద్దు. బొగ్గు ఎర్రగా కణకణలాడుతూ పొగ లేకుండా ఉన్నప్పుడు “ఇక ప్రమాదం లేదు” అనుకుని లోపలికి తెస్తారు. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వచ్చేది సరిగ్గా అప్పుడే. కళ్లు మండించే పొగ ఆగిపోయింది కాబట్టి హెచ్చరిక కూడా ఆగిపోతుంది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే సుమారు 200 రెట్లు గట్టిగా అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు మెలకువ కూడా రాదు. బొగ్గులతో కాల్చే గ్రిల్, వంట గ్యాస్ పొయ్యి, కిరసనాయిలు స్టవ్, ఆరుబయట వాడే గొడుగు హీటర్, గ్యాస్ బండ నెత్తిన బిగించే హీటర్, వీటన్నిటికీ ఇదే మాట. గది వేడి చేయడానికి ఇవేవీ పనికిరావు.

ఇక కొనే సంగతి. షాపులో మీ ముందు పెట్టిన ప్రశ్న గ్యాసా, కిరసనాయిలా అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: మండాక వచ్చే వాయువులు గదిలోనే ఉంటాయా, గొట్టంలోంచి బయటికి పోతాయా? మీకు చూపించిన రెండూ గదిలోనే వదిలే రకాలు. సొంత ఇల్లు అంటున్నారు, అత్తగారికి ఆస్తమా ఉందంటున్నారు. మీలాంటివాళ్లు ముందు అడగాల్సింది గోడకు బిగించే డైరెక్ట్ వెంట్ గ్యాస్ హీటర్. షాపతను చూపించిన రెండూ దాని తరవాతే.

డైరెక్ట్ వెంట్ హీటర్‌లో గోడకు ఒక రంధ్రం చేసి, ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు గొట్టాలు పెడతారు. ఒక దారిలో బయటి గాలి మంటకు వస్తుంది, రెండో దారిలో మండిన వాయువు బయటికి పోతుంది. మంట ఉండే పెట్టెకు ముందు గాజు పలక మూసి ఉంటుంది. అంటే గదిలోని గాలిని హీటర్ ముట్టుకోదు, గదిలోకి వేడి తప్ప ఏమీ రాదు. సరిగ్గా బిగించి, ఏటా చూపించుకునే ఇలాంటి హీటరైతే రాత్రి నడుస్తుండగా పడుకోవచ్చు. కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం దీనికీ ఉండాలి.

ఇది కొనేటప్పుడు తప్పక అడగాల్సిన మాట: కరెంటు లేకుండా వెలుగుతుందా? డైరెక్ట్ వెంట్ అని పేరున్న వాటిలో చాలావాటికి ఫ్యాన్, సర్క్యూట్ బోర్డు ఉంటాయి. కరెంటు పోయిన క్షణం అవీ ఆగిపోతాయి. కిరసనాయిలుతో నడిచే డైరెక్ట్ వెంట్ హీటర్లు, ఫ్యాన్‌తో వేడి గాలి ఊదే కిరసనాయిలు హీటర్లు దాదాపు అన్నీ ఈ కోవలోవే. మీకు కావాల్సింది ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న పైలట్ మంట, మిల్లీవోల్ట్ వాల్వు ఉన్న గ్యాస్ మోడల్. పైలట్ మంట వేడికి థర్మోపైల్ అనే చిన్న కడ్డీ దాదాపు 750 మిల్లీవోల్టుల కరెంటు పుట్టిస్తుంది, వాల్వు తెరవడానికి అది చాలు. వైరు, ప్లగ్గు అవసరం లేదు. వెలిగించడానికి బటన్ నొక్కితే నిప్పురవ్వ వచ్చే పీజో ఉంటుంది. షాపులో ప్లగ్గు పీకేసి వెలిగించి చూపించమనండి. “ఫ్యాన్ ఒక్కటే ఆగుతుంది, మంట ఆగదు” అంటే అదీ చూపించమనండి.

బిగించడం మీరు చేసుకునే పని కాదు, గ్యాస్ పని వచ్చిన లైసెన్సు ఉన్న మెకానిక్‌దే. మీరు చూసుకోవాల్సింది గోడ బయట గొట్టం మూతి. అది కిటికీ కిందకో వెంటిలేటర్ పక్కకో రాకూడదు, వస్తే బయటికి పోయిన వాయువు తిరిగి ఇంట్లోకే వస్తుంది. దూరం ఎంత ఉండాలో మాన్యువల్‌లో బొమ్మ వేసి ఉంటుంది. మీకు మంచు పడుతుందన్నారు, కాబట్టి మంచు పేరుకునే ఎత్తు కంటే పైన పెట్టించండి. మంచు పడ్డ ప్రతిసారీ వెలిగించే ముందు బయటికెళ్లి మూతి తెరిచి ఉందో లేదో చూడాలి.

ఇంకో సంగతి. ఇంటికి పైపు గ్యాస్ ఉంటే హీటర్ ఆ గ్యాస్‌కు చేసినదై ఉండాలి, బండ వాడేటట్టయితే ఎల్పీజీకి చేసినదై ఉండాలి. మంట దగ్గర గ్యాస్ చిమ్మే చిన్న మూతిని జెట్ అంటారు, పైపు గ్యాస్ హీటర్‌లో దాని రంధ్రం పెద్దది. దానికి బండ తగిలిస్తే కావాల్సినదానికంటే చాలా ఎక్కువ గ్యాస్ వచ్చి పసుపు మంట, మసి, కార్బన్ మోనాక్సైడ్ అన్నీ వస్తాయి. ఒకదాన్ని రెండోదానికి మార్చాలంటే కంపెనీ ఇచ్చే కిట్‌తో మెకానిక్ మార్చాలి.

గోడకు రంధ్రం కుదరదు, లేదా ఈ ఏడాదికి ఖర్చు పెట్టలేం అంటే అప్పుడు షాపతను చూపించిన రెండింటి దగ్గరికి వద్దాం. ముందుగా మీ హాలుకు ఎంత వేడి కావాలో లెక్క కడదాం, ఎందుకంటే “పెద్దదైతే మంచిది” అన్న మాట ఇక్కడే తేలిపోతుంది. బయటి గోడలు రెండూ కలిపి 21.6 చదరపు మీటర్లు. కిటికీలు 2 చదరపు మీటర్లనుకుందాం, మిగిలింది దాదాపు 19.6. ఇన్సులేషన్ లేని తొమ్మిదంగుళాల ఇటుక గోడలో లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు రమారమి 2 వాట్లు పోతాయి, ఒంటి అద్దం కిటికీలో 5.7 వాట్లు. గోడల్లో 39, కిటికీల్లో 11. హాలులో 43 ఘనపు మీటర్ల గాలి ఉంది. అది గంటకొకసారి మారితే డిగ్రీకి ఇంకో 14 వాట్లు. మొత్తం 64. బయట 5, లోపల 20 అంటే తేడా 15 డిగ్రీలు. 64 ఇంటూ 15 అంటే 960 వాట్లు. పైన అంతస్తు ఉంది కాబట్టి పైకప్పు లెక్కలోకి పెద్దగా రాదు. డాబా నేరుగా ఆకాశానికి ఉంటే ఇంకో 600 వాట్లు కలపాలి.

అంటే మీకు కావాల్సింది ఒక కిలోవాట్, చల్లబడిన గోడలు వేడెక్కేదాకా మొదటి అరగంట, గంట సేపు దానికి రెట్టింపు. 4.2 కిలోవాట్లు మీకు నాలుగు రెట్లు ఎక్కువ. ఎక్కువైతే నష్టమేమిటంటే, గదిలోకి వదిలే వాయువు కూడా నాలుగు రెట్లు. తగ్గించి వాడుకుంటాం అంటారు. గ్యాస్ హీటరైతే తగ్గించవచ్చు, వత్తి హీటర్‌ను తగ్గించకూడదు. తేడా ఇక్కడుంది. వత్తి హీటర్ ఒక్క ఎత్తులోనే శుభ్రంగా మండుతుంది. వేడి ఎక్కువైందని వత్తిని కిందికి దించితే మంట చల్లబడి సగం సగం మండుతుంది. వాసన, మసి, కార్బన్ మోనాక్సైడ్ మూడూ పెరుగుతాయి. కాబట్టి వత్తి హీటర్‌ను గదికి తగ్గ సైజులో కొని పూర్తి మంటతో వాడాలి, గది వేడెక్కాక ఆపేయాలి. మీ హాలుకు 2.3 కిలోవాట్లు కూడా కాస్త పెద్దదే. గంట నడిపి గంట ఆపుకోవాల్సి వస్తుంది. వెలిగించినప్పుడు, ఆర్పినప్పుడు వచ్చే కిరసనాయిలు వాసన ఆస్తమా ఉన్నవాళ్లకు పడదు. ఇలా ఆపి ఆపి వెలిగిస్తే ఆ వాసన రాత్రికి నాలుగైదు సార్లు.

4.2 కిలోవాట్ల గ్యాస్ హీటర్‌లో సాధారణంగా ఎర్రగా వెలిగే సిరామిక్ పలకలు మూడు ఉంటాయి, ఒక్కోటి 1.4 కిలోవాట్లు. ఒకటి వెలిగించినా, మూడూ వెలిగించినా ఒక్కో పలక తన పూర్తి మంటతోనే మండుతుంది. అందుకని తక్కువలో పెట్టినా మంట పాడవదు. మొదట అరగంట రెండు పలకలు, తరవాత ఒకే పలక. మీ హాలుకు అది సరిపోతుంది. మూడో పలకతో మీకు పనిలేదు. అందువల్ల ఈ రెండింట్లో ఒకటే తీసుకోవాలంటే నేను గ్యాస్ వైపే చెబుతాను. మీ ప్రాంతంలో బండను గదిలో పెట్టి వాడటానికి, పొగగొట్టం లేని హీటర్‌కు నిబంధనలు అనుమతిస్తాయో లేదో ముందు కనుక్కోండి. చాలాచోట్ల పడకగదిలోనూ స్నానాలగదిలోనూ నిషేధం లేదా పరిమితి ఉంటుంది. కరెంటు ఎప్పుడో పోయే ఇంటికి గ్యాస్‌తో ఇంకో లాభం: బండలో గ్యాస్ ఏళ్లు గడిచినా పాడవదు. కిరసనాయిలు పాడవుతుంది.

దేన్ని కొన్నా మూడు భద్రతా ఏర్పాట్లు ఉండాలి. తగిలి వంగితే దానంతటదే ఆరిపోయే స్విచ్. మంట ఆరిపోతే గ్యాస్ ఆగిపోయే థర్మోకపుల్. మూడోది ఆక్సిజన్ తగ్గితే ఆపే సెన్సర్. దీని సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దీని మీద జనానికి నమ్మకం ఎక్కువ, అవగాహన తక్కువ. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. అది 18 శాతం దగ్గరికి పడిపోతే పైలట్ మంట బర్నర్‌ను వదిలి పైకి లేస్తుంది, థర్మోకపుల్ చల్లబడుతుంది, వాల్వు మూసుకుంటుంది. అది కొలిచేది ఆక్సిజన్‌నే, కార్బన్ మోనాక్సైడ్‌ను కాదు. బర్నర్‌లో దుమ్ము పట్టి మంట చెడిపోతే ఆక్సిజన్ 20 శాతం దగ్గర ఉండగానే విషవాయువు రావచ్చు, ఆ సెన్సర్ నోరు మెదపదు. ఎత్తైన కొండ ప్రాంతాల్లో గాలి పలచన కాబట్టి ఇలాంటి హీటర్ ఊరికే ఆరిపోతుంటుంది. మీది అలాంటి చోటైతే మాన్యువల్‌లో ఎత్తు పరిమితి చూసి కొనండి. ఆరిపోతోందని సెన్సర్‌ను తప్పించి వాడే మెకానిక్‌లున్నారు, ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయించకండి. వత్తి హీటర్లలో చాలావాటికి ఈ సెన్సరే ఉండదు.

అందుకే అలారం విడిగా కొనాలి. హీటర్ డబ్బులతో పాటే దాని డబ్బులూ పక్కన పెట్టుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీతో నడిచేదే కావాలి, గోడ ప్లగ్గుకు పెట్టేది మీకు అవసరమైన వేళ పనిచేయదు. వెనక యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 అనో అమెరికా ప్రమాణం యూఎల్ 2034 అనో ముద్ర ఉందో చూడండి. యూఎల్ ప్రమాణం ప్రకారం 70 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 70 వంతులు) ఉంటే గంట నుంచి నాలుగు గంటల్లోపు, 400 పీపీఎం ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లోపు మోగాలి. ఈఎన్ ప్రమాణంలో 50 పీపీఎంకు గంట నుంచి గంటన్నర, 300 పీపీఎంకు 3 నిమిషాల్లోపు. అంకెలు తెరమీద చూపించే మోడలైతే ఇంకా మంచిది, మోగకముందే 20, 30 అని పెరుగుతుంటే జాగ్రత్తపడవచ్చు. హీటర్ నుంచి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో ఒకటి, పడుకునే చోట తల ఎత్తులో ఇంకొకటి. ఈ వాయువు బరువు గాలి బరువుకు దాదాపు సమానం, గదంతా కలిసిపోతుంది, కాబట్టి నేలమీద పెట్టాల్సిన పనిలేదు. సెన్సర్ ఆయుష్షు మోడల్‌ను బట్టి 5 నుంచి 10 ఏళ్లు, ఆఖరి తేదీ వెనక రాసి ఉంటుంది. టెస్ట్ బటన్ నొక్కితే కూత వచ్చినంత మాత్రాన సెన్సర్ బతికున్నట్టు కాదు, ఆ కూత బ్యాటరీ, బజర్ బాగున్నాయని చెబుతుంది.

ఇప్పుడు కిటికీ. చలి వస్తుందని అన్నీ బిగించుకుని, తలుపు కింద గుడ్డ పెట్టి హీటర్ వేసుకునే ఇళ్లే ఎక్కువ. మీ హాలు అలా పూర్తిగా మూసేసి 2 కిలోవాట్ల మంట వెలిగిస్తే ఏమవుతుందో చూడండి. ఆ మంట గంటకు 0.4 ఘనపు మీటర్ల ఆక్సిజన్ తింటుంది. 43 ఘనపు మీటర్ల గదిలో అది గంటకు ఒక శాతం. మూడు గంటల్లో 21 నుంచి 18కి వచ్చేస్తుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగా మండదు, సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. కిటికీ రెక్క ఒక అంగుళం, అంటే 2.5 సెంటీమీటర్లు తీసి పెట్టండి, హాలు నుంచి లోపలి గదుల్లోకి తలుపు కూడా తీసి ఉంచండి. వేడంతా పోతుందన్న భయం అక్కర్లేదు. గంటకు 60 ఘనపు మీటర్ల గాలి మారినా 15 డిగ్రీల తేడాలో పోయే వేడి 300 వాట్లే. ఆ 300 వాట్లు ఖర్చు పెట్టి ఊపిరి కొనుక్కుంటున్నారు.

గాలి ఆడకపోతే ఇంకో ఇబ్బంది తేమ. ఒక కిలో గ్యాస్ మండితే 1.6 లీటర్ల నీరు ఆవిరిగా గదిలోకి వస్తుంది. ఒక లీటరు కిరసనాయిలు మండితే దాదాపు ఒక లీటరు. మర్నాడు పొద్దున అద్దాలమీద కారే నీళ్లు, గోడ మూలల్లో బూజు అందువల్లే. నైట్రోజన్ డయాక్సైడ్ కూడా వస్తుంది, మంట ఎంత శుభ్రంగా నీలంగా ఉన్నా వస్తుంది. ఆస్తమా ఊపిరితిత్తులను రెచ్చగొట్టేది అదే. అత్తగారి మంచం హీటర్‌కు దూరంగా, కిటికీ గాలి నేరుగా తగలని వైపు వేయండి. ఇన్‌హేలర్ చేతికందేటట్టు ఉంచండి. ఇంట్లో ఎవరైనా ఆక్సిజన్ సిలిండర్ గానీ కాన్సన్‌ట్రేటర్ గానీ వాడుతుంటే ఆ ఇంట్లో మంట ఉండే హీటర్ మాట ఎత్తకూడదు.

రాత్రి వేసుకుని పడుకోవచ్చా అని అడిగారు. గదిలోకి వాయువు వదిలే హీటరైతే పడుకోకూడదు. ఒకరు మేలుకుని ఉంటే వాడండి. అందరూ పడుకునే ముందు ఆపేయండి, ఆపాక కూడా ఇంకో అరగంట కిటికీ తీసి ఉంచి మూసుకోండి. మరి రాత్రి చలికి ఏం చేయాలంటే, మీ ఇన్వర్టర్‌ను ఇక్కడ వాడండి. 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే కాగితం మీద 1.8 కిలోవాట్ అవర్లు, చేతికి వచ్చేది సుమారు ఒకటి. దాంతో వెయ్యి వాట్ల రూమ్ హీటర్ గంట నడవడమే కష్టం. అదే కరెంటుతో 60 నుంచి 100 వాట్ల ఎలక్ట్రిక్ దుప్పటి రాత్రంతా నడుస్తుంది. గదిని కాకుండా మనిషిని వేడి చేయడమే రాత్రికి సరైన దారి. పక్కమీద అరగంట ముందు వేసి, పడుకున్నాక తక్కువలో పెట్టండి. ఇన్వర్టర్ సైన్ వేవ్‌ది కావాలి, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ దుప్పటి కంట్రోలర్‌ను పాడు చేయవచ్చు. పాపకు మాత్రం ఎలక్ట్రిక్ దుప్పటి వద్దు, మామూలు దుప్పట్లు, ఉన్ని బట్టలు, మీ పక్కలో చోటు చాలు. అత్తగారికి షుగర్ ఉండి కాళ్లకు స్పర్శ తక్కువైతే ఆమెకూ వద్దు. కాలినా తెలియదు. చలి ప్రాంతాల్లో చలికాలంలో మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు గది కనీసం 18 డిగ్రీలు ఉండాలని, పెద్దవాళ్లకు, పిల్లలకు ఇంకాస్త ఎక్కువ కావాల్సి రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. హాల్లో ఒక థర్మామీటర్ తగిలించుకుంటే ఆ అంకె చూసి హీటర్ ఎప్పుడు వేయాలో తీయాలో తెలుస్తుంది.

గ్యాస్ హీటర్ తెచ్చుకున్నాక చేయాల్సిన పనులు ఇవి. రెగ్యులేటర్ మీద రాసిన ప్రెషరు, హీటర్ ప్లేటు మీద రాసిన ప్రెషరు ఒకటే ఉండాలి. 30 మిల్లీబార్ హీటర్‌కు 50 మిల్లీబార్ రెగ్యులేటర్ “సరిపోతుందిలే” అని బిగిస్తే పలకల మీద మంటలు పైకి లేస్తాయి. గొట్టం గ్యాస్ కోసం చేసినదే కావాలి, దానిమీద అచ్చువేసిన తేదీ దాటకూడదు, హీటర్ వేడెక్కే వెనక భాగానికి తగలకూడదు, మెలిక పడకూడదు. బండ నిలువుగానే ఉండాలి. బిగించాక సబ్బు నీళ్లు రెగ్యులేటర్ దగ్గర, గొట్టం రెండు చివర్ల దగ్గర బ్రష్‌తో రాసి వాల్వు తెరవండి, బుడగలు వస్తే ఆపేసి బయట పెట్టండి. ఎల్పీజీ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, నేలమీద పాకి పల్లపు చోట నిలుస్తుంది. అందుకే భూమిలోపలి గదిలో బండ ఉంచకూడదు, స్పేర్ బండ ఇంట్లోనే ఉంచకూడదు.

బండలో ఏ గ్యాస్ ఉందో కూడా అడగండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. అది మరిగేది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. చల్లటి రాత్రి బండ సగం ఉండగానే మంట వాలిపోతోందంటే కారణం ఇదే, లేదా చిన్న బండ నుంచి ఎక్కువ గ్యాస్ లాగడంవల్ల అది చల్లబడి పైన మంచు పట్టడం. అప్పుడు బండమీద వేడినీళ్లు పోయడం, హీటర్ ముందుకు తిప్పడం చేయకండి. పలకలు తగ్గించండి, లేకపోతే పెద్ద బండ పెట్టండి. ఎంత గ్యాస్ కావాలంటే: కిలో గ్యాస్‌లో 12.8 కిలోవాట్ అవర్లు ఉంటాయి. ఒక పలక, 1.4 కిలోవాట్లు, గంటకు 110 గ్రాములు. పన్నెండు గంటలకు కిలోన్నర లోపు. 5 కిలోల బండ అలాంటి మూడు రోజులకు వస్తుంది.

గ్యాస్ దొరకడం కష్టమై కిరసనాయిలుదే తీసుకోవాల్సి వస్తే, అందులో తెలుసుకోవాల్సినవి ఎక్కువ. ముందుగా నూనె. నీళ్లలా తెల్లగా ఉండే, గంధకం తక్కువున్న రకమే. అమెరికా ప్రమాణంలో దాన్ని 1-కే అంటారు, గంధకం 0.04 శాతం దాటదు. రంగు కలిపిన నూనె, పసుపు తిరిగిన పాత నూనె, డీజిల్ పోస్తే వత్తిమీద తారు పేరుకుని, మంట ఒకపక్క ఎత్తుగా ఒకపక్క పొట్టిగా తయారవుతుంది. ఇక పెట్రోలు అంటిన డబ్బాలో పట్టి తేవడం అన్నిటికంటే ప్రమాదం. కిరసనాయిలు 38 డిగ్రీలు దాటితే గానీ అంటుకునే ఆవిరి ఇవ్వదు, పెట్రోలు మైనస్ 40లో కూడా ఇస్తుంది. కాస్త పెట్రోలు కలిసినా ట్యాంకు దగ్గర మంట ఎగబాకుతుంది. డబ్బా వేరు, గరాటు వేరు, రెండింటి మీదా పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

కొత్త వత్తి పెట్టాక ట్యాంకు నింపి గంట సేపు నాననివ్వాలి. పొడి వత్తిని వెలిగిస్తే నూనె బదులు వత్తే కాలుతుంది. వెలిగించాక బర్నర్ సిలిండర్‌ను పిడి పట్టుకుని అటూ ఇటూ రెండు మూడుసార్లు కదపాలి, అది సరిగా కూర్చోకపోతే ఒకవైపు మంట లేచి మసి పడుతుంది. అయిదారు నిమిషాల్లో మంట స్థిరపడాలి. చుట్టూ ఒకే ఎత్తు ఉండి, ముందు జాలీ నారింజ రంగులో వెలగాలి, మంట నాలుకలు జాలీ పైకి రాకూడదు. రోజులు గడిచేకొద్దీ వత్తి అంచు గట్టిపడి లివరు బరువుగా తిరుగుతుంది. గాజునార వత్తి అయితే ఆరుబయట, ట్యాంకు పూర్తిగా అయిపోయేదాకా మండించి దానంతటది ఆరనివ్వాలి, పేరుకున్న తారు బూడిదవుతుంది. నూలు వత్తికి ఇలా చేయకూడదు, అంచు సమంగా కత్తిరించాలి. మీది ఏ రకమో మాన్యువల్‌లో ఉంటుంది, అది చూడకుండా ఈ పని మొదలుపెట్టకండి.

నూనె పోయడం హీటర్ ఆపి పూర్తిగా చల్లారాక, ఇంటి బయట. నిండా పోయకండి. చల్లటి నూనె గదిలోకొచ్చి పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక శాతం ఉబ్బుతుంది, అంచుదాకా పోస్తే కారుతుంది. 2.3 కిలోవాట్ల హీటర్ గంటకు పావు లీటరు తాగుతుంది, పన్నెండు గంటల కరెంటు కోతకు మూడు లీటర్లు. చలికాలానికి సరిపడా పది పదిహేను లీటర్లు మూత గట్టిగా బిగిసే, వెలుతురు చొరని డబ్బాలో, ఎండ తగలని షెడ్డులో పెట్టుకోండి. వచ్చే ఏడాదికి దాచకండి.

ఎథనాల్ పోసి వెలిగించే అలంకార హీటర్లు కూడా మీకు ఎవరైనా చూపించవచ్చు. వద్దు. స్పిరిట్ మంట వెలుతురులో కనబడదు. ఆరిపోయిందనుకుని మళ్లీ పోస్తుంటే సీసాలోకి మంట పాకి ఎదురుగా ఉన్నవాళ్ల మీదికి చిమ్ముతుంది. కట్టెల పొయ్యి పొగగొట్టంతో పెట్టించుకోవడం మంచి ఏర్పాటే గానీ అది ఇల్లు కట్టేటప్పుడో పెద్ద మరమ్మతప్పుడో ఆలోచించే పని.

పాప విషయం. హీటర్ చుట్టూ అన్నివైపులా ఒక మీటరు దూరంలో కర్టెన్, సోఫా, పరుపు, ఆరేసిన బట్టలు ఏవీ ఉండకూడదు. ఆ మీటరు అవతల గోడకు కొక్కేలతో తగిలించే ఇనప జాలీ కంచె పెట్టండి. ఊరికే నిలబెట్టే కంచెను నాలుగేళ్ల పిల్లలు తోసేస్తారు. వెలుగుతున్న హీటర్‌ను ఎత్తి ఇంకోచోటికి మార్చకండి.

అలారం మోగినా, మోగకపోయినా ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలైతే జ్వరమో జలుబో అనుకోకండి. హీటర్ ఆర్పడానికి ఒక్క చేయి దూరం ఉంటే ఆర్పండి, లేకపోతే అదీ వద్దు, అందర్నీ బయటికి తీసుకెళ్లి అక్కణ్నుంచే అత్యవసర సేవలకు ఫోన్ చేయండి. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ 98 చూపిస్తోందని ఊరుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తం కూడా దాని కాంతికి ఆక్సిజన్ పట్టిన రక్తంలాగే కనబడుతుంది, అంకె అబద్ధం చెబుతుంది. మామూలు గాలి పీలుస్తూ కూర్చుంటే రక్తంలో ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఆసుపత్రిలో మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంటన్నర లోపే. మళ్లీ లోపలికి వెళ్లడం కొలతలు తీసి చెప్పిన తరవాతే.

కొన్న వారంలోనే, కరెంటు ఉన్న పగటిపూట, ఒక గంట వెలిగించి చూడండి. అగ్గిపెట్టె, అలారానికి కావాల్సిన బ్యాటరీలు, టార్చి ఒకే డబ్బాలో హీటర్ పక్కన పెట్టండి. చలికాలం అయిపోయాక బండ వాల్వు మూసి, రెగ్యులేటర్ తీసి, హీటర్‌ను గుడ్డతో కప్పండి. కప్పకపోతే సాలెపురుగులు గ్యాస్ గొట్టాల్లో గూడు కడతాయి. మళ్లీ వెలిగించినప్పుడు పైలట్ నీలంగా కాక పసుపుగా, వాలిపోతూ ఉందంటే చాలాసార్లు కారణం అదే. బ్లోయర్‌తో గాలి ఊది దుమ్ము దులపండి. అప్పటికీ పసుపుగానే ఉంటే మెకానిక్‌కు ఇవ్వండి. జెట్ రంధ్రంలో పిన్ను పెట్టి పొడవకండి, అది పిసరంత వెడల్పైనా ఎక్కువ గ్యాస్ వచ్చి మంట ఇంకా చెడుతుంది.